భివండీ మైదానానికి ఒలింపిక్ తాళం వద్దు

మహారాష్ట్ర పోలీసు భర్తీలో మగపిల్లలు 1600 మీటర్లు ఉరకాలి, ఆడపిల్లలు 800 మీటర్లు. దరఖాస్తులో స్త్రీ, పురుషుడు అని రెండే గళ్లు ఉన్నన్నాళ్లు ఈ లెక్కలో తికమక లేదు. 2022 నవంబర్ 14న మహారాష్ట్ర పరిపాలనా ట్రైబ్యునల్ మూడో గడి కూడా పెట్టమంది. సతారా జిల్లాకు చెందిన ఆర్య పూజారి లాంటి ట్రాన్స్ మహిళలు కొట్లాడి తెచ్చుకున్న ఉత్తర్వు అది. ప్రభుత్వం దాన్ని ఒప్పుకోక బొంబాయి హైకోర్టుకు పోయింది. డిసెంబర్ 9న ప్రధాన న్యాయమూర్తి దీపాంకర్ దత్తా, జస్టిస్ అభయ్ అహూజా ధర్మాసనం అక్కడా తలంటింది. 13వ తేదీకల్లా వెబ్‌సైట్‌లో గడి పెడతామని, దేహదారుఢ్య పరీక్షల నియమాలు 2023 ఫిబ్రవరి 28కల్లా రాస్తామని ప్రభుత్వం చివరికి ఒప్పుకుంది.

వెబ్‌సైట్‌లో గడి పెట్టడం పూట పని. చిక్కంతా పరుగు నియమంలోనే ఉంది. మగపిల్లాడిగా పెరిగి, ఆ తర్వాత హార్మోన్ చికిత్స తీసుకుని ఆడమనిషిగా బతుకుతున్న వ్యక్తి ఏ గీత దగ్గర నిలబడాలి? ఆమె గుండె, ఊపిరి, రక్తం ఇప్పుడు ఎవరి లెక్కలోకి వస్తాయి? నా దగ్గర పరుగు నేర్చుకునే ఆడపిల్లలు ఈ ప్రశ్నను ఇంకా సూటిగా అడుగుతారు: "మేడం, ఆమె మాతోని ఉరికితే మాకు నష్టం కాదా?"

ఇది దురుసు ప్రశ్న కాదు. అడిగే హక్కు వాళ్లకుంది. జవాబు చెప్పే బాధ్యత నాది.

నేను భివండీ పద్మానగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పీటీ టీచర్ని. మా నాయన సిరిసిల్ల దిక్కు నుంచి సాంచలు, అంటే మరమగ్గాలు నడపడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. చదువుకునే రోజుల్లో నేను జిల్లా స్థాయిలో 800 మీటర్లు ఉరికినదాన్ని. ఇప్పుడు తెల్లవారకముందే వరాళ తలావ్ దిక్కు ఆడపిల్లలను ఉరికిస్తుంటాను. అందరివీ కార్మికుల ఇండ్లే. తండ్రి పన్నెండు గంటల పాలీలో సాంచల మీద ఉంటాడు, తల్లి కండెలు చుడుతుంది. పిల్ల జడలో తెల్లటి పత్తినూగు ఉంటే రాత్రి తండ్రికి కారఖానాకు బువ్వ పట్టుకుపోయిందని అర్థం. ఈ పిల్లలకు కానిస్టేబుల్ ఉద్యోగమంటే ఇంట్లో మొదటి నెలజీతం, మొదటి పింఛను. పరుగులో పోయే ఒక్కో మార్కు బతుకులో ఎంత ఖరీదు చేస్తుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆడవాళ్లకు వేరే వరుస ఉండబట్టే నేను పతకం మొహం చూశాను. మగపిల్లలతో కలిపి ఉరికిస్తే జిల్లా దాకా కాదు, తాలూకా దాకా కూడా పోయేదాన్ని కాదు. కాబట్టి ఆడవాళ్ల వరుసను చిన్నచూపు చూసే వాదన ఏదైనా నాకు గిట్టదు. అదే సమయంలో ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. ఒలింపిక్ పతకానికి రాసిన నియమాన్ని తెచ్చి మా భివండీ మైదానం గేటుకు తాళం వేయడం తప్పు. పతకం పందెం వేరు, పొట్టకూటి పందెం వేరు, ఒళ్లు బాగుండాలని ఉరికే పరుగు వేరు. శరీరం గురించి ఇప్పటిదాకా తెలిసిన విషయాలు కూడా ఇదే చెబుతున్నాయి.

మా గుంపులో ఒక ట్రాన్స్ అమ్మాయి ఉంది. మా వాళ్ల పిల్లే, పేరు రాయను. ఠాణేలో డాక్టరు దగ్గర హార్మోన్ చికిత్స తీసుకుంటున్నది. పొడుగు మనిషి, అంగ పెద్దది. 800 మీటర్లు పెడితే మొదటి 200లో అందరికంటే ముందుంటుంది. 500 దాటినంక భుజాలు పైకి లేస్తాయి, నోరు తెరుచుకుంటుంది, మెడ నరాలు తేలుతాయి. చివరి మలుపులో ఆమె చెవి దాకా వచ్చే పొట్టి పిల్ల పక్కనుంచి దాటి పోతుంది. చికిత్సకు ముందు ఇదే పిల్ల ఈ దూరాన్ని నవ్వుతూ పూర్తిచేసేది. "కాళ్లు ఉర్కుతున్నయి అక్కా, దమ్మే సాల్తలేదు" అంటుంది. ఫోను కవరు వెనక మడిచి పెట్టుకున్న రక్తపరీక్ష కాగితం తీసి చూపించింది. చికిత్స మొదలుకాకముందు 15 పైన ఉన్న హిమోగ్లోబిన్ నాలుగు నెలల తర్వాత 13 కిందికి దిగింది.

టెస్టోస్టిరాన్ ఎముక మూలుగను తట్టి ఎర్రకణాలు ఎక్కువగా తయారు చేయిస్తుంది. అందుకే మగవాళ్లలో హిమోగ్లోబిన్ ఎక్కువ. ఆ హార్మోన్‌ను మందులతో అణచి ఈస్ట్రోజన్ ఇస్తే కొత్త ఎర్రకణాల తయారీ తగ్గుతుంది. పాతవి 120 రోజులకు మించి బతకవు. కాబట్టి నాలుగు నెలలు తిరిగేసరికి రక్తం దాదాపు ఆడవాళ్ల రక్తంలాగే అవుతుంది. 2021లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన జోవానా హార్పర్ బృందం సమీక్ష సరిగ్గా ఇదే తేల్చింది: హిమోగ్లోబిన్ మూడు నాలుగు నెలల్లో ఆడవాళ్ల స్థాయికి దిగుతుంది. కండబలం మాత్రం అంత తొందరగా దిగదు. ఏడాదిలో కొంచెమే తగ్గుతుంది, మూడేళ్ల తర్వాత కూడా ఆడవాళ్ల కంటే కాస్త ఎక్కువే మిగులుతుంది. ఎముక పొడుగు అసలే మారదు. కౌమారంలో విశాలమైన ఛాతీ మళ్లీ ఇరుకవదు.

మా కారఖానా లెక్కలో చెప్పాలంటే సాంచ వెడల్పు అదే, మోటారుకు వచ్చే వోల్టేజీ పడిపోయింది. పెద్ద చట్రాన్ని తక్కువ కరెంటుతో లాగాలి. ఆమె చివరి మలుపులో ఆగిపోయేది అందుకే.

మరి ముందున్న ఆధిక్యం ఎంత మిగులుతుంది? దూరం పరుగులో గుండె, ఊపిరితిత్తులు, రక్తం కలిసి నిమిషానికి ఎంత ఆక్సిజన్ కండరాలకు అందిస్తాయన్నదే అసలు కొలత. దాన్ని వీవో2 మాక్స్ అంటారు. దీని మీద మూడు పరిశోధనలు తరచూ చర్చకు వస్తాయి. మూడూ మూడు తీర్లుగా మాట్లాడతాయి.

మొదటిది అమెరికా వాయుసేనది. ఉద్యోగులకు మామూలుగా పెట్టే పరుగు, దండీల (పుష్-అప్స్) పరీక్షల రికార్డులనే తీసుకుని, 46 మంది ట్రాన్స్ మహిళలను, 29 మంది ట్రాన్స్ పురుషులను తోటి ఉద్యోగులతో పోల్చారు. చికిత్సకు ముందు ట్రాన్స్ మహిళలు ఒకటిన్నర మైలు, అంటే 2.4 కిలోమీటర్ల పరుగును ఆడవాళ్ల కంటే 21 శాతం వేగంగా పూర్తిచేశారు. రెండేళ్ల చికిత్స తర్వాత దండీల్లో తేడా పోయింది. పరుగులో మాత్రం 12 శాతం మిగిలింది. ట్రాన్స్ పురుషులు టెస్టోస్టిరాన్ తీసుకున్న ఏడాదిలోనే పరుగులో మగవాళ్లతో సమానమయ్యారు.

రెండోది బ్రెజిల్‌లోని సావో పాలోలో జరిగి 2022లో అచ్చయింది. సగటున 14 ఏళ్లకు పైగా చికిత్సలో ఉన్న 15 మంది ట్రాన్స్ మహిళలను పరీక్షించారు. నిమిషానికి వాళ్లు వాడుకున్న ఆక్సిజన్ 2606 మిల్లీలీటర్లు. ఆడవాళ్లది 2167, మగవాళ్లది 3358. అంటే ట్రాన్స్ మహిళలు నడుమ ఉన్నారు, ఆడవాళ్లకే దగ్గరగా ఉన్నారు. అయితే కొవ్వు తీసేసి మిగిలిన శరీర బరువుతో భాగిస్తే ఈ తేడా నిలబడలేదు.

మూడోది 2024లో ఇంగ్లండులోని బ్రైటన్ నుంచి వచ్చింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ డబ్బులిచ్చిన ఈ పరిశోధనలో ఆటలాడేవాళ్లనే 75 మందిని తీసుకున్నారు. ట్రాన్స్ మహిళల పిడికిలి పట్టు ఆడవాళ్ల కంటే బలంగా ఉంది. కానీ కిలో బరువుకు లెక్కగడితే వీవో2 మాక్స్ ఆడవాళ్ల కంటే తక్కువగా ఉంది. బరువుతో పోలిస్తే ఎగిరిన ఎత్తూ తక్కువే.

వీటిలో ఒక్కదాన్నే పట్టుకుని ఊగిపోయేవాళ్లను రెండు పక్కలా చూస్తున్నాను. ఒకాయన 12 శాతం చూపించి "చూశారా, మోసం" అంటాడు. ఇంకొకాయన బ్రైటన్ చూపించి "చూశారా, ఆధిక్యమే లేదు" అంటాడు. వాయుసేన లెక్కలో ఎవరు ఎంత సాధన చేశారో తెలియదు. బ్రెజిల్‌లో మనుషులు పదిహేనుమందే. బ్రైటన్ వాళ్లు చికిత్సకు ముందూ తర్వాతా ఒకే మనిషిని కొలవలేదు, వేర్వేరు మనుషులను ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూశారంతే. పైగా ఈ మూడింటిలో ఏదీ మన దేశంలో జరిగింది కాదు. రాత్రి పాలీ చేసి, టీలో పావు ముంచుకుని తిని, పొద్దున మైదానానికి వచ్చే శరీరాలను ఎవరూ ఆక్సిజన్ కొలిచే యంత్రం మీద ఉరికించలేదు. అయినా మూడూ కలిపి చదివితే ఒక్కటి మాత్రం తెలుస్తుంది. దమ్ము తొందరగా, బాగా తగ్గుతుంది. చట్రం నిలుస్తుంది. మిగిలే తేడా మనిషిని బట్టి, దూరాన్ని బట్టి, సాధనను బట్టి మారుతుంది.

ఇక పతకాల సంగతి. 800 మీటర్లలో మగవాళ్ల ప్రపంచ రికార్డు 2012 లండన్ ఒలింపిక్స్‌లో డేవిడ్ రుడిషా నెలకొల్పిన 1 నిమిషం 40.91 సెకన్లు. ఆడవాళ్లది యార్మిలా క్రటోచ్విలోవా 1983లో నెలకొల్పిన 1 నిమిషం 53.28 సెకన్లు. మొత్తం తేడా 12 శాతం చిల్లర. అంత పైస్థాయిలో రెండు శాతం మిగిలినా పతకం చేతులు మారుతుంది. 2023 మార్చిలో సెబాస్టియన్ కో అధ్యక్షుడిగా ఉన్న వరల్డ్ అథ్లెటిక్స్, మగ కౌమారం దాటిన ట్రాన్స్ మహిళలను ఆడవాళ్ల అంతర్జాతీయ పోటీల్లోకి రానివ్వబోమని తీర్మానించింది. అదే ఏడాది నవంబర్‌లో ఐసీసీ క్రికెట్‌లోనూ అలాంటి నియమమే పెట్టింది. దాంతో తలుపు మూసుకుపోయినవాళ్లలో మన భారత జట్టు మాజీ ఆటగాడు సంజయ్ బంగర్ కూతురు అనాయా బంగర్ ఉన్నారు. ఆమె ఊరుకోలేదు. మాంచెస్టర్ మెట్రోపాలిటన్ యూనివర్సిటీలో శరీర పరీక్షలు చేయించుకుని, 2025లో ఆ నివేదికను ఐసీసీ, బీసీసీఐల ముందు పెట్టి మాట్లాడదాం రమ్మన్నారు. నాకు ఆ పద్ధతి నచ్చింది. కొలత పెట్టిన వాదనకు కొలతతోనే జవాబు చెప్పాలి.

అయినా ప్రపంచ పోటీల్లో ఆడవాళ్ల వరుసకు కాపలా ఉండాలనే నేనంటాను. అంత పైన, అంత సన్నటి తేడాల మధ్య, అనుమానం తీరేదాకా జాగ్రత్త పడటాన్ని నేను తప్పు పట్టను. నా మాట నచ్చని ట్రాన్స్ మిత్రులుంటారని తెలుసు. కానీ ఆ కాపలా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి?

మొన్నామధ్య మా దగ్గర పండుగకు ఒక సంఘం వాళ్లు మహిళల పరుగు పెట్టారు. మొదటి బహుమతి కుక్కర్, రెండోది స్టీలు బిందె. మా పిల్ల పేరు రాయించడానికి పోతే నిర్వాహకుడు ఫోను తీసి ఏదో వాట్సాప్ వార్త చూపించాడు. "ఒలింపిక్స్‌లనే వద్దన్నరు టీచరమ్మా, మేమెట్ల రానిస్తం?" అన్నాడు. ఆ వార్త పారిస్‌లో బంగారు పతకం గెలిచిన అల్జీరియా బాక్సర్ ఇమాన్ ఖెలీఫ్ గురించి. ఖెలీఫ్ ట్రాన్స్ మహిళ కాదు. ఆడపిల్లగా పుట్టి, ఆడపిల్లగానే పెరిగిన మనిషి. అయినా ఆ ఫోటో భివండీ దాకా వచ్చి మా పిల్లను కుక్కర్ పందెం నుంచి వెళ్లగొట్టింది. ప్రపంచ రికార్డుకు రాసిన నియమం గల్లీ పందేనికి దిగివస్తే జరిగేది ఇదే. ఆ రోజు గెలిచిన ఆమె కంటే మా పిల్ల ఆ దూరంలో వెనకే ఉంటుంది. ఆ మాట చెప్పినా వినే ఓపిక ఎవరికుంది?

పోలీసు భర్తీని కుక్కర్ పందెంతో పోల్చను. అక్కడ మార్కుల జాబితా ఉంటుంది. ఒకరు పైకి పోతే ఒకరు కిందికి జారుతారు. మా ఆడపిల్లల భయం అక్కడే. దీనికి దారి ఉంది, కొత్తగా కనిపెట్టాల్సిన పనీ లేదు. కర్ణాటక 2021లోనే ప్రభుత్వ ఉద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్లకు 1 శాతం సమాంతర రిజర్వేషన్ పెట్టింది. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ పోలీసు శాఖ 13 మంది ట్రాన్స్‌జెండర్లను కానిస్టేబుళ్లుగా తీసుకుంది. మన తెలంగాణ సంగతే చూడండి. 2024 డిసెంబర్ 4న హైదరాబాద్ గోషామహల్ మైదానంలో ట్రాఫిక్ అసిస్టెంట్ల ఎంపిక జరిగింది. వచ్చినవాళ్లంతా ట్రాన్స్‌జెండర్లే. 800 మీటర్లు, 100 మీటర్లు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పెట్టారు. 44 మంది నెగ్గారు. అందులో 29 మంది ట్రాన్స్ మహిళలు, 15 మంది ట్రాన్స్ పురుషులు. నెల తిరగకముందే వాళ్లలో చాలామంది చౌరస్తాల్లో డ్యూటీ ఎక్కారు. ఏ ఆడపిల్ల సీటూ పోలేదు. 'ఆధిక్యం ఎంత శాతం' అన్న తగువూ రాలేదు. సీట్లు వేరుగా లెక్కగట్టి, పరుగుకు ఆడవాళ్ల దూరం, ఆడవాళ్ల గడియారం పెడితే సరిపోతుంది. మా పిల్లలకు నేను చెప్పే జవాబు ఇదే: ఆమె మీ పక్కన ఉరుకుతుంది, మీ సీటు మీద కాదు.

ఉద్యోగ పరీక్షలో గడియారం ఎందుకు పెడతారో కూడా మరిచిపోకూడదు. దొంగను వెంటాడగలడా, బందోబస్తులో రోజంతా నిలబడగలడా అని చూడటానికి. తమిళనాడులో ప్రితికా యాషిని సబ్ ఇన్‌స్పెక్టర్ పరీక్షలో 100 మీటర్ల దగ్గర ఒక్క సెకను పైచిలుకు ఆలస్యమయ్యారు. 2015లో మద్రాసు హైకోర్టు ఆమెను కాదనొద్దని చెప్పింది. 2017లో ఆమె ఉద్యోగంలో చేరారు. ట్రాన్స్ మహిళలు పరుగుకు దిగితే ఆడవాళ్లను ఊడ్చేస్తారన్న భయానికి ఆ ఆలస్యమైన సెకను కూడా ఒక జవాబే.

అసలు ఈ కాపలా పేరుతో దెబ్బతిన్నది ట్రాన్స్ మహిళల కంటే ముందు మామూలు ఆడపిల్లలే. 2006 దోహా ఆసియా క్రీడల్లో ఇదే 800 మీటర్లలో శాంతి సౌందరరాజన్ వెండి పతకం గెలిచింది. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో ఇటుకబట్టీ కూలీల బిడ్డ. లింగపరీక్ష పెట్టి పతకం లాక్కున్నారు. ఆ అవమానంతో ఆమె ప్రాణం తీసుకోబోయింది. 2014లో పరుగు క్రీడాకారిణి ద్యుతీ చంద్‌ను శరీరంలో సహజంగా టెస్టోస్టిరాన్ ఎక్కువుందని పక్కన పెట్టారు. ఆమె క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా పోయి 2015లో గెలిచింది. హైదరాబాద్‌లో కోచ్ నాగపురి రమేశ్ దగ్గర సాధన చేసిన పిల్ల ఆమె.

అదే రమేశ్ శిష్యురాలు మన అగసర నందిని. తండ్రి టీకొట్టు నడుపుతాడు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఏడు పోటీల హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం తెచ్చింది. చివరి పోటీ 800 మీటర్లే. నాలుగంటే నాలుగు పాయింట్లతో వెనకబడ్డ తోటి భారత క్రీడాకారిణి స్వప్నా బర్మన్, ట్రాన్స్‌జెండర్ చేతిలో పతకం పోయిందని సోషల్ మీడియాలో రాసింది. ఆధారం చూపలేదు. తర్వాత ఆ రాత తీసేసింది. నందిని ఆ మాటను ఖండించింది. రాత తీసేసినంత సులువుగా మాట పోతుందా? ఆడపిల్ల పొడుగ్గా ఉన్నా, భుజాలు వెడల్పుగా ఉన్నా, గొంతు బొంగురుగా ఉన్నా రేపు ఇదే మాట పడుతుంది. మా గుంపులో పొట్టి జుట్టుతో ఉరికే పిల్లలను కూడా గేటు దగ్గర పోకిరీలు "ఆడా మగా" అని అడిగారు. ట్రాన్స్ మహిళను ఆపడానికి కట్టిన గోడ ముందుగా తగిలేది ఇట్లాంటి పిల్లలకే.

ఇప్పుడు ఎవరూ ఎత్తని మాట ఒకటి. ఈ గొడవంతా తిరిగేది హిమోగ్లోబిన్ చుట్టూ కదా. 2019 నుంచి 2021 దాకా జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. మగవాళ్లలో అది 25 శాతం. ట్రాన్స్ అమ్మాయి కాగితం చూసినంక నా దగ్గరి ఆడపిల్లలందరికీ రక్తపరీక్ష చేయించమన్నాను. 9 అని వచ్చినవాళ్లున్నారు, 10 అని వచ్చినవాళ్లున్నారు. 12 దాటితే మిగతా పిల్లలు చప్పట్లు కొట్టారు. 9 ఉన్న పిల్ల 12కు చేరితే 800 మీటర్లలో వచ్చే తేడా ఏ ట్రాన్స్ మహిళా ఎత్తుకుపోలేనంత పెద్దది. న్యాయం గురించి ఇంత ఆవేశపడేవాళ్లు ఐరన్ మాత్రల గురించి, తోటకూర గురించి, గుడ్డు గురించి ఎందుకు అడగరు? మా ఇండ్లలో చివరికి తినేది ఆడపిల్ల. గుడ్లుంటే పాలీకి పోయే మగవాళ్ల పళ్లెంలో పడతాయి. మా పిల్లల మార్కులు ఎవరైనా దొంగిలిస్తున్నారంటే, మొదటి దొంగ వంటింట్లోనే ఉన్నాడు.

చికిత్స సంగతీ చెప్పాలి. ట్రాన్స్ మహిళ ఎంత వేగంగా ఉరుకుతుందని అడిగేవాళ్లే గానీ, ఆమె గుండెకు ఏమవుతుందని అడిగేవాళ్లు లేరు. డాక్టరుకు పెట్టే డబ్బు లేక, ముఖం చూసి వెక్కిరిస్తారన్న భయంతో మందుల దుకాణంలో గర్భనిరోధక మాత్రలు కొనుక్కుని రోజుకు రెండు మూడు మింగేవాళ్లున్నారు. ఆ మాత్రల్లో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయోల్ రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతుంది. కాలి నరంలో కట్టిన గడ్డ ఊపిరితిత్తులకు చేరితే మనిషి నిలబడ్డచోటే కూలిపోతుంది. పొగతాగే అలవాటుంటే ముప్పు ఇంకా ఎక్కువ. టెస్టోస్టిరాన్‌ను అణచడానికి వాడే స్పైరోనోలాక్టోన్ ఒంట్లో నీటిని మూత్రం ద్వారా తోడేస్తుంది, పొటాషియంను పెంచుతుంది. ఏప్రిల్ ఎండలో నీళ్లు తాగకుండా ఉరికితే గుండె లయ తప్పొచ్చు. ట్రాన్స్ పురుషులకు కథ తిరగబడుతుంది. టెస్టోస్టిరాన్ ఎక్కువైతే రక్తం చిక్కబడుతుంది. అందుకే వాళ్లకు క్రమం తప్పకుండా రక్తపరీక్ష కావాలి. ఇంకో సంగతి కూడా ఆటగాళ్లు తెలుసుకోవాలి. టెస్టోస్టిరాన్, స్పైరోనోలాక్టోన్ రెండూ డోపింగ్ నిషేధ జాబితాలో ఉన్నాయి. చికిత్స కోసం వాడుతున్నామని ముందుగా అనుమతి తీసుకోకపోతే మందే నేరమవుతుంది.

ఈ సలహాలు చెప్పే చోటు మాకు దగ్గర్లోనే ఒకటుండేది. 2021లో హైదరాబాద్‌లో మొదలైన మిత్ర్ క్లినిక్ మన దేశంలో ట్రాన్స్‌జెండర్ల కోసం వచ్చిన మొదటి క్లినిక్. తర్వాత పుణెలో, మా పక్కనే ఉన్న కళ్యాణ్‌లో కూడా తెరిచారు. నడిచేది అమెరికా సాయంతో. 2025 మొదట్లో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం ఆపేయగానే మూడు చోట్లా తలుపులు మూసుకున్నాయి. హైదరాబాద్‌ది టాటా ట్రస్ట్స్ చేయూతతో సబ్‌రంగ్ అనే పేరుతో మళ్లీ తెరుచుకుంది. పరాయి దేశపు డబ్బుతో నడిచే తలుపు ఎప్పుడైనా మూసుకుంటుంది. ఈ పని మన ప్రభుత్వ ఆసుపత్రిలో జరగాలి. మా ఊళ్లో ఇందిరా గాంధీ స్మారక ఆసుపత్రి ఉంది. నెలకు ఒక్క రోజు హార్మోన్ల డాక్టరును అక్కడ కూర్చోబెట్టినా చాలు, ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. అదే రోజు భర్తీకి తయారయ్యే ఆడపిల్లలందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేస్తే ఒక్క ఖర్చుతో రెండు పనులు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. వచ్చే భర్తీ ప్రకటనలో ట్రాన్స్‌జెండర్ల సీట్లు విడిగా చూపించండి. ట్రాన్స్ మహిళకు ఆడవాళ్ల దూరం, ఆడవాళ్ల సమయం పెట్టండి. ట్రాన్స్ పురుషుడికి మగవాళ్లవి పెట్టండి, చికిత్స మొదలై ఏడాది నిండనివాళ్లకు కాస్త వెసులుబాటు ఇవ్వండి. మైదానంలో ఎవరి ఒంటినీ ఎవరూ తడిమి చూడకూడదని, చూస్తే శిక్ష తప్పదని అదే ప్రకటనలో రాయండి. గల్లీ పందేలు పెట్టే సంఘాలకు క్రీడాధికారులు ఒక్క మాట చెప్పండి, ఒలింపిక్ నియమం మీకు వర్తించదని. జాతీయ స్థాయి దాటి పోయేవాళ్ల సంగతి ఆయా క్రీడా సమాఖ్యలు కొలతలు పెట్టి చూసుకుంటాయి. అంత ఎత్తుకు పోయే మనిషి లక్షలో ఒక్కరు. ఆ ఒక్కరి పేరు చెప్పి మిగతా అందరినీ గేటు బయట నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు.

మా పిల్లలకు ఈ లెక్కలన్నీ విడమరచి చెప్పినప్పుడు, మొదట్లో నష్టం కాదా అని అడిగిన పిల్లే ఇంకో ప్రశ్న వేసింది. "మరి నా 9కి ఏం చెయ్యాలె మేడం?" ఆ రోజు చర్చలో అంతకంటే మంచి ప్రశ్న రాలేదు. దానికి జవాబు చెప్పాల్సింది నేనొక్కదాన్నే కాదు. బడి, ఇల్లు, మునిసిపాలిటీ, ఆసుపత్రి అన్నీ చెప్పాలి.